చచ్చిన మేక మళ్ళీ పటమెక్కదు: పర్మాడెత్ ఆటల లెక్క

అష్టాచెమ్మాలో కాయ దెబ్బతింటే ఇంటికి పోయి మళ్ళీ మొదట్నుంచి బయల్దేరుతుంది. పులిజూదంలో పులి దూకి చంపిన మేక ఆట ముగిసేదాకా పటం మీదికి రాదు. కబడ్డీలో ఈ రెండు పద్ధతులూ ఉన్నాయి. సంజీవని పద్ధతిలో అవతలివాడొకడు అవుటైతే మనవాడొకడు బతికి కోర్టులోకి వస్తాడు. గామిని పద్ధతిలో జట్టు మొత్తం అవుటయ్యేదాకా ఎవరూ తిరిగి రారు. విశాఖలో ప్రో కబడ్డీ చూసినవాళ్ళకు మొదటిదే అలవాటు. మామూలు వీడియోగేములూ సంజీవని పద్ధతిలోనే నడుస్తాయి, చచ్చినా పాత సేవ్ లోడ్ చేస్తే బతికేస్తాం. ఆ సంజీవనిని తీసేసి పులిజూదం నియమం పెట్టిన ఆటలే పర్మాడెత్ ఆటలు.

నియమం ఒక్క వాక్యంలో అయిపోతుంది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలే చిక్కుముడి. ద్వారకానగర్ గేమింగ్ కేఫ్‌లో అయినా, మధురవాడ హాస్టల్ గదిలో అయినా చాలామంది దీన్ని ఒక కష్టం స్థాయిగా లెక్కేస్తారు. ఈజీ, నార్మల్, హార్డ్, ఆ పైమెట్టు హార్డ్‌కోర్ అని. కానీ ఆటను తయారుచేసినవాళ్ళు వేరేగా జోడిస్తే తప్ప, పర్మాడెత్ పెట్టినంత మాత్రాన శత్రువు బలం ఒక్క పాయింటు కూడా పెరగదు. పెరిగేది మన తప్పు ఖరీదు. మామూలు ఆటలో 'ఈ పోరు గెలవగలమా' అని ఆలోచిస్తే చాలు. ఇక్కడ 'ఈ పోరులో ప్రాణాన్ని ఎన్నిసార్లు పందెం కాస్తున్నాం' అని లెక్కపెట్టాలి. గెలిచిన పోరులో కూడా ఆ లెక్క ఎక్కువగా తేలితే, అది చెడ్డ ఆటే.

ఎవరు పోతారు, ఏం పోతుంది

1980 నాటి రోగ్ అనే కంప్యూటర్ ఆట ఈ పద్ధతికి పెద్దదిక్కు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు మైఖేల్ టాయ్, గ్లెన్ విచ్‌మన్ మొదలుపెట్టగా కెన్ ఆర్నాల్డ్ తర్వాత చేయి కలిపాడు. అందులో సేవ్ అంటే పుస్తకంలో గుర్తుకాగితం పెట్టడమే. మళ్ళీ తెరవగానే ఆ ఫైలు చెరిగిపోతుంది. 1987లో వచ్చిన నెట్‌హ్యాక్ అదే దారి పట్టింది. ఈ రకంలో పాత్ర పోతే ఆట మొత్తం పోతుంది, తర్వాతి ఆటకు మిగిలేది మన తలలో ఉన్న అనుభవం ఒక్కటే.

1990లో జపాన్‌లో మొదలైన ఫైర్ ఎంబ్లమ్ వరసలో సంగతి వేరు. అక్కడ చనిపోయేది సైన్యంలో ఒక్క యోధుడు. కథ ఆగదు, ఆ మనిషి మాత్రం ఇక ఉండడు. నాయకుడు పోతే మాత్రం ఆట అక్కడితో సరి. 2010లో వచ్చిన భాగంలో క్యాజువల్ మోడ్ పెట్టి, పడిపోయినవాళ్ళు తర్వాతి అధ్యాయంలో తిరిగి వచ్చేలా చేశారు. సైనికుల జట్టుతో గ్రహాంతరవాసుల మీద పోరాడే 2012 నాటి ఎక్స్‌కామ్ ఎనిమీ అన్‌నోన్‌లో సైనికుడి చావు ఎప్పుడూ శాశ్వతమే. దానికి తోడు ఐరన్‌మ్యాన్ అనే పద్ధతి ఎంచుకుంటే సేవ్ ఒక్కటే ఉంటుంది, అదీ ఆటే రాసుకుంటుంది.

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. చావు నియమం ఒకటి, సేవ్ నియమం ఇంకొకటి. ఎక్స్‌కామ్‌ను ఐరన్‌మ్యాన్ లేకుండా ఆడితే చావు శాశ్వతమే, కానీ వెనక్కి వెళ్ళే దారి మన చేతిలో ఉంటుంది. క్రూసేడర్ కింగ్స్ 3లో ఐరన్‌మ్యాన్ పెడితే వెనక్కి వెళ్ళలేం, అయినా రాజు చస్తే వారసుడితో ఆట సాగుతుంది. 2023 చివర్లో బాల్డర్స్ గేట్ 3లో వచ్చిన హానర్ మోడ్‌లో ఒక సహచరుడు పోతే మంత్రపత్రంతోనో, 200 బంగారు నాణేలు తీసుకునే విదర్స్ అనే పాత్ర దగ్గరో బతికించుకోవచ్చు. గుంపు మొత్తం పడితేనే ఆ ప్రయత్నం ముగిసినట్టు. అదే ఆటలో శత్రు నాయకులకు కొత్త శక్తులు కూడా ఇచ్చారు. అది తయారీదారుల అదనపు వడ్డన, పర్మాడెత్‌లో భాగం కాదు. అందుకని కొత్త ఆట మొదలుపెట్టేముందు వెతకాల్సింది రెండు విషయాలు. పోయేది ఒక మనిషా, గుంపా, మొత్తం ప్రపంచమా? సేవ్ ఎవరి చేతిలో ఉంది, ఏ క్షణంలో రాస్తుంది?

ఆట పెట్టని నియమాన్ని ఆటగాళ్ళే పెట్టుకోవడమూ ఉంది. పోకెమాన్‌లో 2010 నుంచి ప్రాచుర్యంలోకి వచ్చిన నజ్‌లాక్ అలాంటిదే. ఒక్కో ప్రాంతంలో మొదట ఎదురైన ప్రాణినే పట్టాలి, అది స్పృహ తప్పితే చచ్చినట్టే లెక్క, వదిలేయాలి. ప్రతిదానికీ సొంత పేరు పెట్టాలన్నది చాలామంది పాటించే మరో షరతు. పేరు పెట్టిన ప్రాణిని అనవసరంగా పోరుకు పంపడానికి చెయ్యి రాదు, ఆ చిన్న షరతు బలం అది.

నూటికి 95 అంటే ఎంత

పర్మాడెత్ ఆటల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది పెద్ద రాక్షసుడు కాదు, తెర మీద కనిపించే '95 శాతం'. నూటికి అయిదు ప్రమాదమే కదా అనిపిస్తుంది. అలాంటి పందెం 20 సార్లు కాస్తే అన్నీ గెలిచే అవకాశం నూటికి 36 మాత్రమే. 99 శాతం భద్రమైన పని 70 సార్లు చేసినా చెక్కుచెదరకుండా బయటపడేది సగంసార్లే. ఒక పెద్ద క్యాంపెయిన్‌లో, అంటే మొదటి నుంచి చివరిదాకా సాగే ఒక పూర్తి ఆటలో, పాతిక ముప్ఫై మిషన్లుంటాయి, ఒక్కో మిషన్లో ఇలాంటి పందేలు అయిదారైనా ఉంటాయి. మొత్తం నూట యాభై. ఒక్కోదానికి నూటికి ఒకటి చొప్పున ప్రమాదం అనుకున్నా, ఎవరినీ పోగొట్టుకోకుండా ముగించే అవకాశం నూటికి 22.

దీన్నుంచి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఒక్కో పందెంలో గెలిచే అవకాశాన్ని 95 నుంచి 97కి పెంచుకోవడానికి తంటాలు పడేకంటే, పందేల సంఖ్యను సగానికి తగ్గించడం తేలిక. తలుపు తెరవకముందే ఉచ్చు వేయడం, దూరం నుంచి కొట్టడం, అసలు అక్కర్లేని గదిలోకి పోకపోవడం. ఇవన్నీ పందేన్ని ఎత్తేసే పనులు.

తెర మీది అంకె ఎప్పుడూ నిజం చెబుతుందని కూడా అనుకోకూడదు. గేమ్‌బాయ్ అడ్వాన్స్ మీద వచ్చిన ఫైర్ ఎంబ్లమ్ ఆటల్లో దెబ్బ తగులుతుందా లేదా తేల్చడానికి రెండు యాదృచ్ఛిక సంఖ్యల సగటు తీస్తారు. దాంతో 90 అని చూపింది నిజానికి 98.1, 80 అని చూపింది 92.2. కింది వైపు కూడా అంతే, 20 అని చూపింది 8.2. పెద్ద అంకెలు ఇంకా పెద్దవీ, చిన్నవి ఇంకా చిన్నవీ అవుతాయన్నమాట. అందుకే ఆ ఆటల్లో తప్పించుకునే నేర్పు ఉన్న యోధుణ్ణి ముందు నిలబెట్టడం పనిచేస్తుంది. ఎక్స్‌కామ్ 2 తక్కువ కఠినత స్థాయిల్లో మనకు తెలియకుండా చేయూతనిస్తుంది, వరసగా గురి తప్పితే తర్వాతి దెబ్బకు అవకాశం పెంచుతుంది. అక్కడ అలవాటైన ధైర్యంతో పై స్థాయికి వెళ్ళినవాళ్ళు 'ఆట మోసం చేస్తోంది' అంటారు. మోసమేమీ లేదు, అప్పటిదాకా ఇచ్చిన ఊతం తీసేసింది.

తుపాకీ గురి 85 శాతం అని చూపినప్పుడు ఆలోచించాల్సింది మిగతా 15 గురించి. గురి తప్పితే మన సైనికుడు ఎక్కడ నిలబడి ఉంటాడు? ఎన్ని గురులు అతని మీద ఉంటాయి? తప్పినా బతికి ఉంటాడంటే కాల్చండి. తప్పితే పోతాడంటే 85 కాదు, 95 అయినా చాలదు. వేరే దారి ఒక్కటి కూడా లేనప్పుడే ఆ పందెం.

చావు నాలుగు టర్నుల ముందే మొదలవుతుంది

ఎక్స్‌కామ్‌లో కొత్త సైనికుడి గురి 65. సగం ఎత్తు అడ్డు వెనక ఉన్న శత్రువుకు 20 రక్షణ, పూర్తి అడ్డు వెనక ఉంటే 40. అంటే దూరం, ఎత్తు కలిసిరాకపోతే 45 లేదా 25 శాతం అవకాశంతో కాలుస్తున్నట్టు. శత్రువు పక్కకు చేరి కొడితే అడ్డు విలువ సున్నా అవుతుంది, తీవ్రంగా తగిలే అవకాశం 50 పాయింట్లు పెరుగుతుంది. అయితే ఆ పక్కకు వెళ్ళే పరుగులోనే అసలు ప్రమాదం ఉంది. గ్రహాంతరవాసులు గుంపులుగా తిరుగుతుంటారు. మన చూపుకు కొత్త గుంపు తగలగానే వాళ్ళకు ఉచితంగా ఒక కదలిక దొరుకుతుంది, చెల్లాచెదురై అడ్డు వెనక్కి చేరతారు. ఆ టర్నులో, అంటే మన వంతులో, చివరి సైనికుడి కదలికతో గుంపు మేల్కొంటే, తిరిగి కొట్టడానికి మన దగ్గర ఎవరూ మిగలరు. తర్వాతి టర్ను పూర్తిగా వాళ్ళది.

అందుకని ముందుకు వెళ్ళే పని టర్నులో మొదటి సైనికుడే చేయాలి. మిగతావాళ్ళు అతను ఇప్పటికే చూసిన నేల దాటకూడదు. చివరివాడితో ఎప్పుడూ రెట్టింపు పరుగు తీయించకూడదు. గ్రెనేడు గురి తప్పదు, నార్మల్ స్థాయిలో మూడు ప్రాణ పాయింట్లుండే సెక్టాయిడ్ అనే గ్రహాంతరవాసిని దాని మూడు పాయింట్ల దెబ్బ తీసేస్తుంది, అడ్డును కూడా పగలగొడుతుంది. ఆటలోని మొదటి నెలల్లో సైనికుల్ని పోగొట్టుకునేవాళ్ళను చూడండి, మిషన్ ముగిసేసరికి వాడని గ్రెనేడ్లు అలాగే ఉంటాయి. సైనికుడు పడిపోయినా కొన్నిసార్లు వెంటనే చావడు, రక్తం కారుతూ మూడు టర్నులుంటాడు. మెడికిట్ ఉన్నవాడు ఆ లోగా చేరాలి, లేదా మిషన్ ముగియాలి. జట్టులో ఒక్క మెడికిట్ ఉండి, అది పడిపోయినవాడి దగ్గరే ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇద్దరికివ్వండి.

ఫైర్ ఎంబ్లమ్‌లో చావు ఎక్కువగా శత్రువు వంతులో వస్తుంది. మన వంతులో శత్రువును చంపాలన్న ఆత్రంలో యోధుణ్ణి ఒక గడి ముందుకు వేస్తాం, ఆ గడి మరో ముగ్గురికి అందుతుందని చూసుకోం. శత్రువు కదిలే గడులకు ఆయుధం అందే దూరం కలిపితే అతని పరిధి. అయిదు గడులు నడిచే విలుకాడి బాణం రెండు గడులు పోతుందంటే పరిధి ఏడు. కొత్త ఆటల్లో ఒక్క మీట నొక్కితే మొత్తం ప్రమాద ప్రాంతం రంగులో కనిపిస్తుంది, దాన్ని ఎప్పుడూ ఆన్‌లో ఉంచాలి. పెగాసస్ అనే రెక్కల గుర్రం మీద ఎగిరేవాళ్ళను విలుకాడి పరిధిలో ఒక్క టర్ను కూడా వదలకూడదు. అవేకెనింగ్ లాంటి కొన్ని భాగాల్లో, కఠిన స్థాయిల్లో, అదనపు బలగాలు వచ్చిన టర్నులోనే కదులుతాయి. కోటలూ మెట్లదారులూ ఉన్న గడుల పక్కన బలహీనమైన యూనిట్లను నిలబెట్టకపోవడం ఒక్కటే దానికి విరుగుడు.

2016 నాటి డార్కెస్ట్ డంజన్ లెక్క ఇంకా కఠినం. ప్రాణం సున్నాకు వస్తే పాత్ర వెంటనే చావదు, మృత్యుద్వారం దగ్గర నిలబడుతుంది. అక్కడ తగిలే ప్రతి దెబ్బకూ తట్టుకునే అవకాశం మామూలుగా నూటికి 67. రెండు దెబ్బలు తట్టుకునేది 45, మూడు తట్టుకునేది 30. కొత్తవాళ్ళు గమనించనిది, రక్తస్రావమూ విషమూ టర్నుకొకసారి చేసే నష్టం కూడా ఒక్కో దెబ్బగానే లెక్క. మూడు టర్నుల రక్తస్రావంతో ఆ ద్వారం దగ్గర నిలబడ్డ పాత్రను ఎవరూ ముట్టుకోకపోయినా నూటికి 70 పాళ్ళు పోతుంది. ఒక్క పాయింటు వైద్యం చేసినా ద్వారం నుంచి బయటికి లాగవచ్చు. అందుకే పెద్ద వైద్యం టర్నుకొక్కటి చేసే పాత్రకంటే, చిన్న వైద్యం చేయగలవాళ్ళు ఇద్దరుండటం మేలు. ఒత్తిడి 100కు చేరితే మనసు చెదురుతుంది, 200కు చేరితే గుండె ఆగుతుంది. పడిపోయినవాడి ఒత్తిడి పక్కవాళ్ళకూ పాకుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఈ ఆటలో ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

నెట్‌హ్యాక్‌లో చావులు మరో రకం. అక్కడ తెలియనితనం చంపుతుంది. నీలిరంగులో కనిపించే తేలే కన్నును దగ్గరికెళ్ళి కొడితే శరీరం బిగుసుకుపోతుంది, ఆలోగా దారిన పోయే ప్రతి జీవీ కొట్టి చంపుతుంది. అది నత్తనడక నడుస్తుంది, పక్కనుంచి వెళ్ళిపోవచ్చు, లేదా దూరం నుంచి బాకులు విసరవచ్చు. కాకట్రిస్ అనే ప్రాణిని చేతి తొడుగులు లేకుండా ముట్టుకుంటే రాయి అయిపోతారు. ఇంకోవైపు, చాలామంది వాడకుండానే చచ్చిపోయే వరం ఒకటుంది, ప్రార్థన. ప్రాణం మొత్తంలో ఏడో వంతుకంటే తగ్గినా, 6 కంటే తగ్గినా దేవుణ్ణి పిలిస్తే నింపుతాడు. ఆట మొదలైన 300 టర్నుల తర్వాత ఇది సాధారణంగా పనిచేస్తుంది. ఒకసారి వాడాక మళ్ళీ సుమారు 1000 టర్నులు ఆగాలి. టర్ను సంఖ్యను పక్కన కాగితం మీద రాసుకోండి. తొందరపడి రెండోసారి పిలిస్తే ఆదుకోవాల్సినవాడే శిక్షిస్తాడు.

మూడో నంబరు దగ్గరే ఆగాలి

విశాఖ పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరికల నంబర్లు ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఒకటి, రెండు అంటే ప్రమాదం దూరంగా ఉంది. మూడు అంటే ఇక్కడికే గాలివాన రావచ్చు. ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. చేపలరేవులో పడవలు పదో నంబరు దాకా చూడవు, మూడుకే ఒడ్డున కట్టేస్తారు. పర్మాడెత్ ఆటల్లో ఓడిపోయేవాళ్ళంతా దాదాపు పదో నంబరు దగ్గర వెనక్కి తిరిగేవాళ్ళే. అప్పటికి దారి మూసుకుపోయి ఉంటుంది.

ఎప్పుడు వెనక్కి తిరగాలో ఆట మొదలుకాకముందే నిర్ణయించుకోవాలి, ప్రాణం మీదికొచ్చాక మనసు లెక్కలు చెప్పదు. ఒంటరి పాత్ర ఆటల్లో ప్రాణం సగానికి తగ్గిన క్షణాన పోరు ఆపి దారి వెతకడం మంచి హద్దు. జట్టు ఆటల్లో ఇద్దరు తీవ్రంగా గాయపడితే, లేదా వైద్యం చేసే పాత్ర పడిపోతే మూడో నంబరు ఎగరేసినట్టే. డార్కెస్ట్ డంజన్‌లో అన్వేషణ మధ్యలో వదిలేస్తే ఒత్తిడి పెరుగుతుంది, బహుమానం పోతుంది, మనుషులు మాత్రం మిగులుతారు. ఆ ఆటలో గుర్రపుబండి వారం వారం కొత్తవాళ్ళను ఉచితంగా తెస్తుంది కదా అని కొందరు పాతవాళ్ళను తేలిగ్గా బలిస్తారు. మనిషి ఉచితమే, అతని ఆయుధాలకూ నేర్పుకూ పోసిన బంగారం ఉచితం కాదు.

మందుల సంగతి దీనికి జతే. చచ్చిన పాత్ర సంచి తెరిచి చూస్తే వాడని మందులు, మంత్రపత్రాలు గుట్టలుగా కనబడతాయి. 'ఇంకా పెద్ద ప్రమాదం వస్తుందేమో' అని దాచినవే అన్నీ. చేతులు కాలాక ఆకులు వెతకడం మామూలే, ఇక్కడ ఆకులు చేతిలోనే ఉండి చేతులు కాల్చుకుంటారు. పారిపోయే సాధనాన్ని, అంటే మాయమై వేరేచోట తేలే పత్రాన్నో, వేగం పెంచే మందునో, ప్రాణం సగం ఉన్నప్పుడే వాడాలి. పావువంతు ఉన్నప్పుడు వాడితే, తేలినచోట ఎదురయ్యే మొదటి జీవే పని పూర్తిచేస్తుంది.

పెద్ద క్యాంపెయిన్లలో ఓటమికి ఇంకో దారి ఉంది, అది నెమ్మదైనది. ఆరుగురు మేటి సైనికుల్నే ప్రతి మిషన్‌కూ పంపుతారు. ఒక చెడ్డ రోజున నలుగురు పోతారు. వెనక ఉన్నవాళ్ళంతా కొత్తవాళ్ళు, శత్రువు మాత్రం ఆటలోని ఆరో నెల నాటి బలంతో ఉంటాడు. అక్కడినుంచి క్యాంపెయిన్ కోలుకోదు. తేలిక మిషన్‌కు ఆరుగురిలో ఇద్దరు పచ్చివాళ్ళు ఉండేలా చూసుకుంటే రెండో జట్టు తనంతట తానే తయారవుతుంది. గాయపడినవాళ్ళు రోజుల తరబడి మంచం మీద ఉంటారు కాబట్టి ఆ రెండో జట్టు ఎటూ అవసరమే.

కరెంటు, నెట్టు

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న తీరం దాటాక విశాఖ రోజుల తరబడి చీకట్లో ఉండిపోయింది. అంత పెద్దది రాకపోయినా, అక్టోబరు నవంబరుల్లో గాలివానకు కరెంటు పోవడం మామూలే. ఒక్క సేవ్ ఫైలు మీద ఆధారపడ్డ ఆటకు ఇది శత్రువుకన్నా పెద్ద ముప్పు. ఆట ఫైలు రాస్తున్న క్షణంలో కరెంటు పోతే సగం రాసిన ఫైలు మిగలవచ్చు. జాగ్రత్తగా చేసిన ఆటలు ముందు వేరే ఫైలులో రాసి, పూర్తయ్యాక పేరు మారుస్తాయి. పాతదాని మీదే నేరుగా రాసేవి దెబ్బతింటాయి. బయటినుంచి చూస్తే ఏది ఏదో తెలీదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అని డెస్క్‌టాప్‌ను దానికి తగిలించి ఊరుకోకూడదు. కరెంటు పోయి బ్యాటరీకి మారడానికి ఇన్వర్టర్‌కు కొంత సమయం పడుతుంది. కంప్యూటర్ పవర్ సప్లై నిండు లోడు మీద ఓర్చుకోగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లు. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది, అందులో పెడితే మార్పు దాదాపు 10 మిల్లీసెకన్లలో జరుగుతుంది. మామూలు మోడ్‌లో అంతకు రెండు మూడు రెట్లు పట్టి కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. విడిగా యూపీఎస్ కొనేవాళ్ళు 600 వీఏ అని రాసి ఉంటే అది 600 వాట్లు అనుకోకూడదు, సాధారణంగా 360 వాట్లే. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపి దాన్ని దాటితే కరెంటు పోయిన క్షణాన యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఆడేవాళ్ళకు ఈ బాధ లేదు, బ్యాటరీ పాడైపోయినది కాకపోతే.

నెట్‌లో దాచే క్లౌడ్ సేవ్ రక్షిస్తుందన్నది సగం నిజం. ఆటలు కొనుక్కునే స్టీమ్ వేదిక మామూలుగా ఆట మూసినప్పుడు ఫైలును పైకి పంపుతుంది. మధ్యలో కరెంటు పోతే పైన నిన్నటిదే ఉంటుంది. మళ్ళీ తెరిచినప్పుడు ఏది ఉంచాలని అడిగితే తేదీ, సమయం చదివి మరీ ఎంచుకోండి. తప్పుది నొక్కితే రెండోది పోతుంది. రోజూ ఆట ముగిశాక సేవ్ ఫోల్డరును తేదీ పేరుతో వేరేచోట కాపీ చేసుకోవడం మేలు. ఇది మోసం కాదా అని అడిగేవాళ్ళుంటారు. యంత్రం చెడి పోయినదాన్ని తిరిగి పెట్టుకోవడం నియమభంగం కాదు, మన నిర్ణయం వల్ల పోయినదాన్ని తిరిగి పెట్టుకుంటేనే నియమం పోయినట్టు. ఆ తేడా చూసుకోవాల్సింది ఆడేవాళ్ళే. ఎక్స్‌కామ్ ఎనిమీ అన్‌నోన్ అయితే ఐరన్‌మ్యాన్ లేకపోయినా యాదృచ్ఛిక సంఖ్యల వరసను సేవ్‌లోనే దాచుకుంటుంది. లోడ్ చేసి అదే దెబ్బ అదే వరసలో కొడితే అదే ఫలితం వస్తుంది.

ఆన్‌లైన్ హార్డ్‌కోర్ ఆటల్లో ఈ స్వేచ్ఛ లేదు. 2000లో డయాబ్లో 2 తెచ్చిన హార్డ్‌కోర్ నుంచి 2023 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ తెరిచిన హార్డ్‌కోర్ సర్వర్ల దాకా, నెట్ తెగి పాత్ర పోతే పోయినట్టే అన్నది సాధారణ నియమం. పోర్టు హెచ్చరికల్లో పదకొండో నంబరుకు అర్థం గాలి తీవ్రత కాదు, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. నెట్ పోయిన హార్డ్‌కోర్ పాత్ర స్థితి సరిగ్గా అదే. మనకు తెర ఆగిపోతుంది, సర్వర్‌లో పాత్ర మాత్రం కొన్ని సెకన్లపాటు శత్రువుల మధ్య నిలబడే ఉంటుంది. డయాబ్లో 3లో ఊరి బయట ఆట వదలడానికి పది సెకన్లు ఆగాలి. డయాబ్లో 4లో స్క్రోల్ ఆఫ్ ఎస్కేప్ దగ్గరుంటే, కనెక్షన్ తెగినట్టు గుర్తించగానే ఆటే దాన్ని వాడి పాత్రను ఊరికి చేరుస్తుంది. ఒక్కటైనా సంచిలో లేకుండా బయటికి పోకండి.

పింగ్ సంఖ్య, అంటే సర్వర్ నుంచి జవాబు రావడానికి పట్టే సమయం, కొంచెం ఎక్కువున్నా స్థిరంగా ఉంటే అలవాటు పడొచ్చు. చంపేది మధ్యమధ్య వచ్చే తెగుడు. ఆడేముందు పింగ్ ఆదేశాన్ని పది నిమిషాలు వరసగా నడిపి చూడండి. రెండు మూడు సార్లు జవాబు రాకపోతే ఆ రోజు వేరే ఆట ఆడుకోవడం మంచిది. అపార్ట్‌మెంట్లలో ప్రతి ఫ్లాట్‌కూ ఒక వైఫై ఉంటుంది, 2.4 గిగాహెర్ట్జ్ మీద అందరూ ఒకరినొకరు తొక్కుకుంటారు. రౌటర్ నుంచి నేరుగా కేబుల్ లాగితే సగం తెగుళ్ళు పోతాయి. ఇక కంప్యూటర్‌కు యూపీఎస్ పెట్టి రౌటర్‌ను గోడ ప్లగ్గుకే వదిలేయడం చాలా ఇళ్ళలో కనిపించే పొరపాటు. 12 వోల్టుల చిన్న డీసీ యూపీఎస్ ఒకటి రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ చాలు, కొనేముందు రెండింటి అడాప్టర్ల మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోవాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి

మొట్టమొదటి ఆటే ఐరన్‌మ్యాన్‌లో, పై కఠినత స్థాయిలో పెట్టుకోవడం మంచి సలహా కాదు, ఎవరు చెప్పినా. ఆట నియమాలు తెలియనప్పుడు పోయే ప్రాణం ఏమీ నేర్పదు. ఎక్స్‌కామ్ అయితే నార్మల్‌లో, ఐరన్‌మ్యాన్ లేకుండా ఆటలోని మొదటి రెండు నెలలు ఆడి శత్రువుల రకాలు గుర్తుపట్టాక కొత్త క్యాంపెయిన్ ఐరన్‌మ్యాన్‌తో మొదలుపెట్టండి. ఫైర్ ఎంబ్లమ్‌లో 2019 నాటి త్రీ హౌసెస్ మంచి మెట్టు. అక్కడ పోరుకు కొన్నిసార్లు మాత్రమే కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి ఉంది. క్లాసిక్ మోడ్ పెట్టుకుని, ఆ తిప్పడాలను పోరు పోరుకూ ఒకటి తగ్గించుకుంటూ పోతే అలవాటవుతుంది. రోగ్ రకం ఆటలకు డంజన్ క్రాల్ స్టోన్ సూప్ ఉచితం, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అందులో చుట్టూ ప్రమాదం లేనంతవరకు తనంతట తానే అన్వేషించే మీట ఉంది కాబట్టి మన శ్రద్ధంతా నిర్ణయాల మీదే పెట్టవచ్చు.

పాత్ర పోయిన వెంటనే కొత్తది మొదలుపెట్టకండి. పది నిమిషాలు కూర్చుని చివరి పది టర్నులు వెనక్కి రాయండి, చచ్చిన టర్ను నుంచి మొదలుపెట్టి. ప్రతి టర్ను ఎదుట ఆ క్షణాన చేతిలో ఉండీ వాడనిది ఏమిటో రాయండి. ఏ టర్నులో రెండు దారులున్నాయో, ఏ టర్నులో ఒక్క దారే మిగిలిందో కనిపిస్తుంది. రెండు దారులున్న చివరి టర్నే పాత్ర పోయిన చోటు, ఆ తర్వాతవన్నీ ఆలస్యంగా వచ్చిన దెబ్బలు. అలాంటి కాగితాలు అయిదారు పోగయ్యాక పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరికి ప్రతిసారీ మందు దాచుకోవడం, ఇంకొకరికి చివరి సైనికుణ్ణి పరుగెత్తించడం, మరొకరికి రాత్రి ఒంటిగంట దాటాక ఆడటం తేలుతుంది. తర్వాతి ఆటకు ముందు ఆ ఒక్క మాటే కాగితం మీద పెద్దగా రాసి మానిటర్ అంచుకు అంటించుకోండి.